నగ వెనక వైపు

1947 నవంబరు 20న లండన్‌లో ఎలిజబెత్ రాకుమారి పెళ్లి జరిగింది. దేశదేశాల నుంచి కానుకలు వచ్చాయి. హైదరాబాదు నిజాం మాత్రం నగను ఇక్కణ్ణుంచి పంపలేదు. లండన్‌లోని కార్టియర్ దుకాణానికి కబురు చేశాడు: పెళ్లికూతురు ఏది కావాలంటే అది తీసుకోనివ్వండి, ఖర్చు నాది అని. ఆమె ఒక వజ్రాల హారాన్నీ, తల మీద పెట్టుకునే గులాబీల టియారానూ ఎంచుకుంది. హారం 1935లో తయారైంది. ప్లాటినంలో పొదిగిన సుమారు 300 వజ్రాలు, మధ్యలో వేలాడే బొట్టు లాంటి రాయి. ఆ తర్వాత డెబ్బై ఏళ్లు ఆ హారం ఆమె మెడలో ఫొటోల్లో కనిపిస్తూనే ఉంది.

పెళ్లయిన తొమ్మిదో రోజున, నవంబరు 29న, ఇదే నిజాం భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదుర్చుకున్నాడు. అప్పటికే తెలంగాణ పల్లెల్లో రజాకార్ల దాడులు, దొరల మీద రైతుల తిరుగుబాటు నడుస్తున్నాయి. పది నెలలు తిరక్కుండానే హైదరాబాదులోకి భారత సైన్యం వచ్చింది. ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చూసిన ప్రతిసారీ నాకు కష్టంగానే ఉంటుంది. అయితే నేనిక్కడ అడగదలచుకున్న ప్రశ్న వేరు. ఇంట్లో వజ్రాలు రాశులుగా ఉన్న మనిషి, 184.75 క్యారెట్ల జేకబ్ వజ్రాన్ని బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాడని చెప్పుకునే మనిషి, కానుక ఇవ్వడానికి ఒక పారిస్ నగల వ్యాపారి గడప ఎందుకు తొక్కాల్సి వచ్చింది?

మా నాన్న రాళ్లు పొదిగేవాడు. ఎవరు ఏ నగ చేతికిచ్చినా ముందు దాన్ని తిప్పి వెనక వైపు చూసేవాడు. ముందు వైపు కొనేవాళ్ల కోసం, వెనక వైపు పనివాళ్ల కోసం అనేవాడు. కార్టియర్ గురించి నేను చదివిందంతా ఆ వెనక వైపు నుంచే అర్థం చేసుకున్నాను. అందుకే ముందు మన పని ఎలా ఉండేదో చెప్పాలి.

కుందనం పనిలో నగ పళ్లెం లోపల బోలుగా ఉంటుంది. అందులో లక్క నింపుతారు. కుంపటి సెగకు లక్క మెత్తబడ్డాక రాయి కూర్చునే గుంట చేసి, అడుగున మెరిసే రేకు వేసి, దాని మీద రాయిని కూర్చోబెడతారు. వెలుతురు రాయి గుండా వెళ్లి ఆ రేకుకు తగిలి తిరిగి వస్తుంది. అందుకే పాత కెంపులు, పచ్చలు లోపల దీపం ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ తర్వాత మేలిమి బంగారాన్ని ఊదితే ఎగిరేంత పల్చగా సాగగొట్టి, సన్నని పట్టీలు కోసి, ఉక్కు ములుకుతో రాయి చుట్టూ కూరుతారు. ఇక్కడ నిప్పుతో పని లేదు. బంగారం అంత శుద్ధంగా ఉంటే పొర మీద పొర పెట్టి నొక్కితే చాలు, అతుక్కుపోతుంది. ఏ మాత్రం కల్తీ ఉన్నా అతకదు. నగ తిప్పితే రాయి కనిపించదు. బంగారం కనిపిస్తుంది, పెద్దింటి నగ అయితే దాని మీద రంగు గాజు కరిగించి చేసే మీనా పని: చిలకలు, పూలు, తీగలు. ఒంటికి ఆనుకుని ఉండే ఆ వైపు వేసుకున్న మనిషికి తప్ప ఎవరికీ కనపడదు. అయినా అంత పనీ చేసేవారు.

ఇక కార్టియర్ సంగతి. 1847లో లూయీ ఫ్రాన్సువా కార్టియర్ అనే పనివాడు పారిస్‌లో తన యజమాని అడాల్ఫ్ పికార్ కార్ఖానాను తన పేరు మీదికి తెచ్చుకున్నాడు. మొదలు అంతే. మూడో నెపోలియన్ కాలంలో రాజకుటుంబం ఆడవాళ్లు కొనడంతో దుకాణానికి పేరొచ్చింది. కొడుకు ఆల్ఫ్రెడ్ 1899లో దాన్ని ర్యూ ద లా పే అనే ఖరీదైన వీధికి మార్చాడు. అసలు విస్తరణంతా ఆల్ఫ్రెడ్ కొడుకులు ముగ్గురిదీ. పెద్దవాడు లూయీ పారిస్ చూసుకున్నాడు, పియేర్ న్యూయార్క్ తీసుకున్నాడు, చిన్నవాడు జాక్ లండన్‌లో కూర్చున్నాడు. న్యూయార్క్‌లో ఇప్పటికీ వాళ్ల దుకాణం ఉన్న భవనాన్ని 1917లో పియేర్ రెండు పేటల ముత్యాల హారమూ, పైన 100 డాలర్లూ ఇచ్చి సంపాదించాడు. అప్పటికి సహజ ముత్యాల విలువ అలాంటిది. కొన్నేళ్లకే జపాన్ పెంపకపు ముత్యాలు వచ్చి ఆ ధరలు కూలిపోయాయి, భవనం మిగిలింది.

లూయీ చేసిన పెద్ద పని ప్లాటినాన్ని నమ్ముకోవడం. అంతకు ముందు యూరప్‌లో వజ్రాలను వెండిలో పొదిగేవారు. వెండి మెత్తన, పైగా నల్లబడుతుంది. రాయి ఊడిపోకుండా ఉండాలంటే దళసరిగా వాడాలి. ప్లాటినం గట్టిది, నల్లబడదు, దారమంత సన్నగా తీసినా రాయిని వదలదు. అయితే దాన్ని లొంగదీయడం తేలిక కాదు. బంగారం 1064 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ప్లాటినానికి 1768 డిగ్రీలు కావాలి. మన కంసాలి కుంపటీ ఊదుగొట్టమూ అక్కడిదాకా పోలేవు. 1900 ప్రాంతంలో కార్టియర్ పనివాళ్లు దాన్ని పట్టుకున్నాక నగ స్వరూపమే మారిపోయింది. నాలుగు సన్నని కాళ్లు రాయిని అంచుల దగ్గర పట్టుకుంటాయి. వెనక అంతా ఖాళీ. లక్క లేదు, రేకు లేదు. వెలుతురు అన్ని వైపుల నుంచీ రాయిలోకి పోతుంది. మన పద్ధతిలో రాయిని బంగారం మోస్తుంది. వాళ్ల పద్ధతిలో లోహం కనపడకుండా తప్పుకుంటుంది. రెండూ గొప్ప పనులే. కానీ ఒకదాన్ని ఇంకోదానిగా మార్చాలంటే మొదటిదాన్ని పూర్తిగా పగలగొట్టక తప్పదు.

1911 డిసెంబరులో జార్జి చక్రవర్తి ఢిల్లీ దర్బారుకు జాక్ కార్టియర్ వచ్చాడు. వయసు 27. ఆ ఆగస్టులోనే తండ్రి పోయి గద్దెనెక్కిన మన నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కూడా అదే దర్బారులో ఉన్నాడు. ఆయనకు 25. జాక్ పెట్టెల నిండా ఆడవాళ్ల నగలు తెచ్చుకున్నాడు. తీరా చూస్తే ఇక్కడ నగలు కొనేదీ పెట్టుకునేదీ మగవాళ్లు. తలపాగా మీద సర్పేచ్, మెడలో ముత్యాల పేటలు, జబ్బకు బాజూబందు. రాజులు ఇతని దగ్గర అడిగింది పారిస్‌లో అందరూ వాడుతున్న పల్చటి జేబు గడియారం. రాళ్లు వాళ్లకేం తక్కువ?

జాక్ తెలివైనవాడు. అమ్మడం కన్నా ఇక్కడ చేయదగ్గ వ్యాపారం వేరే ఉందని అతనికి అర్థమైంది. రాజుల దగ్గర రాళ్లున్నాయి, కొత్త మోజూ ఉంది. తాతల నాటి కుందనపు నగలను విప్పించి, ఆ రాళ్లనే ప్లాటినంలో పొదిగించుకుంటే లండన్ విందుల్లో ఇంగ్లీషు దొరల పక్కన కూర్చున్నా వెలితి ఉండదు. ఆ పెట్టెలు ఓడలెక్కాయి. పాటియాలా మహారాజు భూపీందర్ సింగ్ 1925లో తన రాళ్లు ఇస్తే 1928కి హారం పూర్తయింది. 2,930 వజ్రాలు, మధ్యలో 234.65 క్యారెట్ల డి బీర్స్ వజ్రం. నవానగర్ రంజిత్‌సింహ్‌జీ, మనం క్రికెట్ రంజీగా ఎరిగిన మనిషి, జాక్‌కు మంచి స్నేహితుడు. రాళ్ల గురించి జాక్‌తో సమానంగా మాట్లాడగలిగినవాడు. ఆయన కోసం 1931లో జాక్ కట్టించిన రంగు వజ్రాల హారానికి సాటి మళ్లీ రాదని నగల చరిత్ర తెలిసినవాళ్లు ఒప్పుకుంటారు. నాకూ అదే అభిప్రాయం. నల్ల తెల్ల ఫొటోలో చూసినా ఆ రాళ్లు ఒకదాని పక్కన ఒకటి ఎందుకు ఉన్నాయో తెలిసిపోతుంది.

అయితే ఆ ఫొటోలు చూస్తున్నంతసేపూ నా మనసు విప్పేసిన నగల మీదే ఉంటుంది. కుందనం విప్పాలంటే పట్టీలు పెకలించాలి, లక్క కరిగించాలి. రాయి క్షేమంగా బయటికొస్తుంది. మిగిలింది కరిగించే బంగారం. వెనక ఉన్న మీనా గాజు పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంది. ఒకడు నెలల తరబడి వంగి కూర్చుని వేసిన చిలకలు ఒక పూట మంటకు మిగలవు. కార్టియర్ వాళ్లు తాము చేసిన నగలకు ప్లాస్టర్ అచ్చులు తీసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు, ఖాతా పుస్తకాలు దాచుకున్నారు. అందుకే వాళ్ల చరిత్ర ఇంత వివరంగా చెప్పుకోగలుగుతున్నాం. మన కంసాలికి నగ మీద పేరు చెక్కుకునే అలవాటు లేదు. నగ కరిగిపోతే అతని జాడ కూడా దానితోనే పోయింది. ఇందుకు జాక్‌ను తప్పుపట్టలేను. విప్పమన్నది మన రాజులే. తమ ఇంటి పనివాడి విలువ వాళ్లకు తెలియలేదన్నదే నా బాధ.

రాళ్ల సంగతికొస్తే మన నేలకూ ఆ దుకాణానికీ ఇంకో చుట్టరికం ఉంది. పియేర్ కార్టియర్ 1910లో కొని, 1911లో అమెరికాలో ఎవలిన్ వాల్ష్ మెక్లీన్ అనే సంపన్నురాలికి 1,80,000 డాలర్లకు అమ్మిన నీలి హోప్ వజ్రం కృష్ణ ఒడ్డున గుంటూరు సీమలోని కొల్లూరు గనిలో దొరికిందనే చరిత్రకారులు అనుకుంటారు. తావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు దాన్ని తీసుకుపోయి 1668లో పద్నాలుగో లూయీకి అమ్మాడు. ఫ్రెంచి విప్లవ కాలంలో దొంగలపాలై, తిరిగి కోయబడి, 45.52 క్యారెట్లుగా తేలింది. అమ్మేటప్పుడు పియేర్ దాని చుట్టూ శాపం కథ అల్లి చెప్పాడు, కొనేవాళ్ల ఉబలాటం పెరగడానికి. కొల్లూరు మనుషుల చెమట గురించి ఆ కథలో ఒక్క మాట లేదు. ఆ గనుల్లో ఆడా మగా పిల్లలతో సహా వేలమంది పనిచేశారని రాసింది కూడా తావెర్నియేనే. ఇప్పుడు ఆ కొల్లూరు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది.

పోయినదాని గురించే చెప్పి ఊరుకుంటే అన్యాయమవుతుంది. ఇక్కణ్ణుంచి ఆ దుకాణం నేర్చుకున్నదీ ఉంది. యూరప్ పద్ధతిలో రాయికి పట్టెలు తీరుస్తారు. మనవాళ్లు కెంపునూ పచ్చనూ నీలాన్నీ ఆకులుగా, మొగ్గలుగా, గాడులు తీసిన పుచ్చకాయ పూసలుగా చెక్కుతారు. చిన్న మచ్చ ఉన్న రాయిని పారెయ్యకుండా ఆ మచ్చ ఆకు ఈనెలో కలిసిపోయేలా చెక్కడం మన చేతి నేర్పు. పారిస్‌లో అలాంటి రాళ్లకు ధర లేదు. కార్టియర్ సోదరులు వాటిని ఇండియాలో కొనిపించి తీసుకుపోయారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కచోట కలపడం అప్పటి పారిస్ కంటికి మొరటుగా తోచేది. వాళ్లు ధైర్యం చేసి ఆ మూడు రంగుల ఆకుల్నీ మొగ్గల్నీ ప్లాటినం తీగల మీద, వజ్రాల మధ్య పొదిగారు. 1920లలో అదే పెద్ద మోజు అయి కూర్చుంది. 1928లో లండన్ దుకాణంలో అలాంటి తలపట్టీ కొన్నామె ఎడ్వినా మౌంట్‌బాటన్. 1936లో డెయిజీ ఫెలోస్ అనే సంపన్నురాలు చేయించుకున్న హారానికి హిందూ హారం అనే పేరు స్థిరపడింది. టుటీ ఫ్రూటీ అనే పేరు చాలా తర్వాత 1970లలో వచ్చింది. ఆ ఆకులు చెక్కిన చేతులు మనవి, వాటిని కూర్చిన కన్ను వాళ్లది. కార్టియర్ చేసిన అన్నిటిలోకీ నేను మనసారా మెచ్చుకునేది ఇదే. ఇక్కడ ఏ చెక్కడమూ చెరిగిపోలేదు. మన పనివాడి ఉలి గాటు ఇప్పటికీ ఆ రాయి మీద ఉంది, వేలితో తడిమితే తెలుస్తుంది.

ఆ తర్వాత కథ త్వరగా ముగుస్తుంది. జాక్ 1941లో, లూయీ 1942లో పోయారు. పియేర్ 1964లో పోయాడు. వారసులు ఒక్కొక్క దుకాణాన్నే అమ్ముకున్నారు. 1970లలో వేరే పెట్టుబడిదారులు మూడింటినీ మళ్లీ ఒకటి చేశారు. సంస్థానాలు పోయాక పాటియాలా హారం 1948లో మాయమైంది. దాని పెద్ద వజ్రం 1982లో జెనీవా వేలంలో తేలింది. రాళ్లు ఊడిన ప్లాటినం గొలుసు 1998లో లండన్‌లో దొరికితే కార్టియర్ వాళ్లే కొని, లేని రాళ్ల చోట వేరేవి పెట్టి నిలబెట్టారు. ఎలిజబెత్ రాణి 1973లో నిజాం టియారాను విప్పించి ఇంకో టియారా చేయించుకుంది, గులాబీలను మాత్రం బ్రూచ్‌లుగా ఉంచుకుంది. విప్పడం అన్నది మన రాజుల దగ్గరే ఆగలేదు.

ఇంత కొత్త మోజు నడిచిన కాలంలో కూడా ఉస్మాన్ అలీ ఖాన్ తన పూర్వీకుల నగలను విప్పించకుండా ట్రస్టులో పెట్టాడు. కానుకకు కార్టియర్ పని కొన్నాడు, వంశం నగల జోలికి పోలేదు. పిసినారి అని ఆయనకున్న పేరు ఈ ఒక్క విషయంలో మనకు మేలు చేసిందేమో. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లిచ్చి ఆ 173 నగలను కొంది. అవి ముంబైలో రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉన్నాయి. 2001లోనూ 2006లోనూ హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో పెట్టారు, 2019లో ఢిల్లీలో పెట్టారు. వచ్చిన జనం జేకబ్ వజ్రం చుట్టూ మూగుతారు, అది సహజమే. కానీ అక్కడ సర్పేచ్‌లూ బాజూబందులూ కుందనంలోనే, చేసిన రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఓడలెక్కి పోయిన వాటికి ఇవి తోబుట్టువులు.

వాటిని హైదరాబాదుకే తెచ్చి శాశ్వతంగా ఉంచాలని ఎన్నాళ్లుగానో జనం అడుగుతున్నారు. నేనూ అడుగుతున్నాను. తెచ్చిన రోజున ప్రతి నగ కిందా ఒక అద్దం అమర్చాలి, వెనక ఉన్న మీనా పని అందరికీ కనపడేలా. పక్కన రాజుల పేర్లతోపాటు లక్క, రేకు, ములుకు, మేలిమి పట్టీ పెట్టి, కుందనం పని ఎలా సాగుతుందో తెలుగులోనూ ఉర్దూలోనూ రాయాలి. ఆ పని చేతనైనవాళ్లు పాతబస్తీలో ఇంకా ఉన్నారు. వాళ్లలో ఒకరిని రోజూ కాసేపు అక్కడ కూర్చోబెట్టి, పిల్లల కళ్ల ముందు ఒక్క రాయి పొదిగించాలి.