ఇచ్చింది గ్రాంటు, చేతికొచ్చింది అప్పు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ అప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉండేవి. వెలుగు పథకం 2000లో మొదలైనా తొలి ఆరు జిల్లాల్లో మనది లేదు. పక్కనున్న మహబూబ్‌నగర్ ఉంది. మన వంతు 2003లో వచ్చింది. ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచిన ఈ పథకాన్ని సెర్ప్ చూసుకునేది.

సామాజిక పెట్టుబడి నిధి సంగతి కొత్త సభ్యులకు చెప్పాలె. ఆ పైసలు మండల సమాఖ్యకు తిరిగి కట్టనక్కర్లేని గ్రాంటుగా వచ్చేవి. అక్కడి నుంచి గ్రామ సంఘానికి, పొదుపు సంఘానికి, చివరికి ఇంటికి మాత్రం మిత్తితో కట్టే అప్పుగా దిగేవి. సర్కారు ఊరికే ఇస్తే మేమెందుకు కట్టాలె అని అడిగే అక్కలు ఇప్పటికీ ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. బర్రె కొన్నామె కడితేనే, కుట్టుమిషను కోసం కాచుక్కూర్చున్న ఇంకో ఆమెకు అందుతుంది. లేకుంటే ఆ నిధి ఒక్క చుట్టుతోనే అయిపోతుంది.

నాకు ఎక్కువ నచ్చింది బియ్యం అప్పు. మిర్యాలగూడ చుట్టూ ఎన్ని రైస్ మిల్లులున్నా, పని లేని నెలల్లో కూలి ఇంటికి కిరాణాకొట్టు ఉద్దెర బియ్యమే దిక్కు. వెలుగు రోజుల్లో గ్రామ సంఘాలు బియ్యం టోకున కొని సభ్యులకు అప్పుగా ఇచ్చి, కూలి దొరికినప్పుడు కొంచెం కొంచెంగా వసూలు చేసుకునేవి.

2011లో స్త్రీనిధి వచ్చింది. 2016 అక్టోబర్ 11న సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి పోయాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. ఇన్ని దారుల్లో పైసలొచ్చినా, నెల పొదుపు కట్టలేక సంఘంలో చేరని ఇంటికి ఇందులో ఏదీ అందదు. అలాంటి ఇండ్లు మన ఊళ్లల్లో ఇంకా ఉన్నాయి.