డార్విన్ జెండా గుడ్డ, మనింటి పాత చీర

పోయిన ఎపిసోడ్‌లో నిజాంసాగర్ గురించి మాట్లాడుకున్నాం కదా. మంజీర మీద 1923లో పని మొదలై, 1931లో పూర్తయింది. ఆ నీళ్లతో చెరుకు పండింది, ఆ చెరుకు కోసం 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. 2015 చివర్లో అది మూతపడింది. చెరువులు మాత్రం ఉన్నాయి. వాటిలో చేపలు పెంచుదాం అన్నా అని నన్ను అడిగే తమ్ముళ్లు బోధన్ దిక్కు శానా మంది. అందరిదీ ఒకటే బాధ, వదిలిన పిల్లలు బతకట్లేదని.

ఒకప్పుడు చేప పిల్లల్ని నదుల్లో పట్టుకొచ్చేవాళ్లు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి ఇంజెక్షన్‌తో కార్పు చేపల చేత గుడ్లు పెట్టించాడు. పిల్లల కరువు తీరే దారి దొరికింది. కానీ తిండి సంగతి? గుడ్డులోంచి వచ్చాక మూడు రోజులకే పొట్ట కింది సొన అయిపోతుంది. అప్పుడు కావాల్సింది జంతు ప్లవకాలు, అంటే నీళ్లలో తేలే కంటికి ఆనీ ఆనని పురుగులు. అవి లేకపోతే పిల్ల పోతుంది, పెట్టిన పైసలూ పోతాయి.

వీటిని పట్టే వల ల్యాబ్ సామాన్ల దుకాణంలో అడిగితే, రేటు వినగానే ఫోన్ పెట్టేస్తారు. అసలు చరిత్ర చూస్తే నవ్వొస్తది. 1832 జనవరిలో, 22 ఏళ్ల డార్విన్ బీగిల్ ఓడ వెనక కట్టి లాగింది జెండాలు కుట్టే గుడ్డతో చేసిన నాలుగడుగుల సంచి! 1887లో ‘ప్లాంక్టన్’ అనే పేరు పెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హెన్సెన్ వాడింది పిండి మిల్లులో జల్లెడ పట్టే పట్టు గుడ్డ.

అందుకే నేనూ పాత వాయిల్ చీర తీసుకున్న. అడుగు వెడల్పు ఇనుప తీగ రింగు, గరాటులాగా కుట్టిన గుడ్డ, కొసకు చిన్న ప్లాస్టిక్ సీసా. అంతే. చెరువులో ముందే పేడ వేసి ఉండాలి, అది లేకుంటే ఏ వలకూ ఏమీ పడదు. చీకట్లో పురుగులు పైకొస్తాయి, ఫోన్ టార్చ్ వేస్తే వెలుగు దగ్గర గుమిగూడతాయి. పట్టినదాన్ని దోమతెర ముక్కలోంచి వంచండి. తూనీగ పిల్లలు దానిమీదే ఆగిపోతాయి, లేకుంటే అవే మన చేప పిల్లల్ని తింటాయి.

మేత సరిపోతుందా లేదా? 50 లీటర్ల చెరువు నీళ్లు ఈ గుడ్డలో వడగట్టి, చిటికెడు ఉప్పేసి, సూది తీసి కొస మూసిన సిరంజిలో నిలబెట్టండి. అడుగున ఒకటి, రెండు మిల్లీలీటర్లు పేరుకుంటే పిల్లల్ని వదలొచ్చు. తక్కువుంటే ఆగండి.