ఇసుకలో దారి చూపినవాళ్ళు

అల్ మవాలే నుంచి మాట్లాడుతున్నాను. 2024 దాకా మస్కట్ కూరగాయల సెంట్రల్ మార్కెట్ ఉన్న చోటు అంటే మనవాళ్ళకి టక్కున గుర్తొస్తుంది. నేను ఐటీ కన్సల్టెంటుని. పదిమందికి దారి చెప్పడమే నా ఉద్యోగం. నాకు ఇంకొకరు చెబితే మాత్రం గిట్టదు.

కిందటి చలికాలం మా అబ్బాయితో షర్కియా ఇసుక దిబ్బలకి వెళ్ళాను. వెంట వచ్చిన బెదూయిన్ పెద్దాయన టైర్లలో గాలి తగ్గించమన్నాడు. నేను వినలేదు. పావుగంటలో బండి కూరుకుపోయింది. ఆయన కోప్పడలేదు. ఇసుక తోడించి, గాలి తీయించి, మళ్ళీ నాచేతే నడిపించాడు. "తెలీదని ముందే చెప్పచ్చుగా నాన్నా!" అన్నాడు మావాడు. ఆ మాట గుచ్చుకుంది.

తర్వాత ఇక్కడి చరిత్ర చదివాను. 1930 డిసెంబరులో సలాలా నుంచి బయల్దేరిన బెర్ట్రాం థామస్ 1931 ఫిబ్రవరిలో దోహా చేరాడు. రుబ్ అల్ ఖాలీ ఎడారిని దాటిన మొదటి ఐరోపావాడని పేరొచ్చింది. దారీ, నీళ్ళ బావులూ తెలిసింది మాత్రం రషీద్ తెగ షేక్ సాలిహ్ బిన్ కలూత్‌కి. మార్క్ ఎవాన్స్ 2015-16లో ఇద్దరు ఒమానీలతో కలిసి అదే ప్రయాణం 49 రోజుల్లో చేశాడు.

యువతని ఎడారికీ కొండలకీ తీసుకెళ్ళే 'ఔట్‌వర్డ్ బౌండ్ ఒమాన్'ని 2009లో మొదలుపెట్టిందీ ఈయనే. దాని మూలం 1941లో వేల్స్‌లోని అబర్‌డోవీలో ఉంది. యుద్ధంలో ఓడలు మునిగినప్పుడు, వయసుమళ్ళిన నావికులకంటే కుర్రవాళ్ళే ముందు ఆశ వదులుకుంటున్నారని ఓడల యజమాని లారెన్స్ హోల్ట్‌కి అనిపించింది. కండబలం కాదు, తమమీద తమకి నమ్మకం కావాలని ఆయనా, కర్ట్ హాన్ అనే విద్యావేత్తా ఆ బడి పెట్టారు.

మనకీ ఇలాంటి కథ ఉంది. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకి అప్పుడు 13 ఏళ్ళు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. భువనగిరి బండమీద శేఖర్‌బాబు ఓనమాలు దిద్దించాడు. ఎక్కింది మాత్రం ఆ పిల్లల కాళ్ళే.

గురువు పని అంతే. దారి చూపిస్తాడు, మన బదులు నడవడు. మావాడు ఈసారి ఎడారి క్యాంపుకి ఒక్కడే వెళతానంటున్నాడు. వాళ్ళమ్మకి భయం. నిజం చెప్పాలంటే నాకూ భయమే. అయినా సరేనన్నాను. తెలియనప్పుడు అడగడం వాడికి నాకంటే ముందే వచ్చింది కదా!