నీళ్ళొద్దన్న రేగడి

కర్నూలు-కడప కాలవని మన నీటిపారుదల చరిత్రలో ఒక నష్టాల పద్దుగా చెప్పుకోవడం అలవాటైపోయింది. తుంగభద్రని పెన్నతో కలిపి, సాగునీరూ పడవలూ ఒకే కాలవలో నడపాలన్నది సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన. ఆ పనికోసం పుట్టిన మద్రాస్ ఇరిగేషన్ కంపెనీకి, పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద అయిదు శాతం వడ్డీ వచ్చేలా ప్రభుత్వం హామీ ఇచ్చింది. 1860లలో సుంకేసుల దగ్గర ఆనకట్ట లేచింది. సుమారు 300 కిలోమీటర్ల కాలవ తవ్వారు. నీళ్ళొచ్చాయి గానీ వాటిని కొనే రైతులు అనుకున్నంతమంది రాలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే ఆ కాలవని కొనుక్కోవాల్సి వచ్చింది.

గోదావరి మీద గెలిచిన మనిషి ఆలోచన ఇక్కడెందుకు ఓడింది? ఖర్చు అంచనాలు మించిందంటారు, కట్టడంలో లోపాలంటారు, కొత్తదనానికి రైతులు జంకారంటారు. మొదటి రెండిటితో నాకు పేచీ లేదు. మూడోదే మింగుడుపడదు. వాడేవాళ్ళు వాడకపోతే వాళ్ళకి తెలియదనుకోవడం మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ బాగా అలవాటైన తర్కమే కాబట్టి, దాన్ని కాస్త అనుమానంగానే చూస్తాను.

ముందు మట్టి సంగతి చూద్దాం. నల్లరేగడిలో బంకమన్ను పాలు ఎక్కువ. రెండు మైక్రాన్లకంటే సన్నటి రేణువులు, పలకలు పలకలుగా ఉంటాయి. తడిస్తే ఉబ్బుతాయి, ఎండితే కుంచించుకుపోయి నేల నెర్రెలు విచ్చుతుంది. తొలి వానలు ఆ నెర్రెల్లోంచి లోపలికి దిగుతాయి. ఆ తర్వాత నేల ఉబ్బి తలుపులు మూసుకుంటుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ పొలాల్లో కొలిచినప్పుడు, మొదటి అరగంట గంటకి 76 మిల్లీమీటర్ల వేగంతో ఇంకిన నీరు, ఆరు రోజులు తడిశాక గంటకి 0.2 మిల్లీమీటర్లకి పడిపోయింది. అయితే లోపలికి వెళ్ళిన నీటిని ఈ నేల అంత తేలిగ్గా వదలదు. లోతైన రేగడి 200 మిల్లీమీటర్లకి పైగా నీటిని పైరుకోసం దాచిపెట్టగలదు. అంటే పొలం కిందే ఒక చెరువున్నట్టు.

కర్నూలు, నంద్యాల రైతుల సేద్యం ఈ గుణం చుట్టూ అల్లుకున్నదే. వానలు పడుతున్నన్నాళ్ళూ గుంటక తోలి కలుపు చంపడం, పైమన్ను గుల్లచేసి నెర్రెలు పూడ్చడం, లోపలి తేమ ఆవిరైపోకుండా కాయడం. వానలు తగ్గుముఖం పట్టాక హింగారి జొన్న విత్తడం. పత్తి వేస్తే మధ్యలో కొర్ర. ఈ పద్ధతికంతటికీ ప్రాణం ‘పదును’ అనే ఒక్క మాటలో ఉంది. రెండ్రోజులు ముందైతే మన్ను గొర్రుకీ ఎద్దుల గిట్టలకీ అంటుకుపోతుంది. నాలుగు రోజులు ఆలస్యమైతే రాయిలా బిగుస్తుంది.

ఇలాంటి పొలంలోకి కాలవనీళ్ళు మళ్ళిస్తే ఏమవుతుంది? అవి ఇంకవు, నిలుస్తాయి. వేళ్ళకి గాలాడదు, మెట్టపైరు ఎర్రబారుతుంది. మురుగు పోయే దారి లేకపోతే కొన్నాళ్ళకి లోపలి ఉప్పు పైకొచ్చి నేల చౌడుబారుతుంది. వరి వేద్దామంటే పొలం చదును చేయాలి, గట్లు వేయాలి, పైగా నీటితీరువ కట్టాలి. అప్పటికే మంచి ఏడాదుల్లో జొన్నా పత్తీ ఇచ్చే నేలకి ఈ ఖర్చంతా ఎందుకని రైతు లెక్కవేసుకున్నాడు. 1876-78 ధాత కరువులో ఆ నీటికే గిరాకీ పెరిగింది. వానలు మళ్ళీ మొదలయ్యాక తగ్గింది. భయపడిన మనిషి ఇలా ప్రవర్తించడు, బేరం తెలిసిన మనిషి ప్రవర్తిస్తాడు.

ఇక్కడ సాహిత్యంవాళ్ళకి తెలిసిన పేరొకటి తగులుతుంది. 1872లో ‘శ్రీరంగరాజ చరిత్ర’ రాసిన నరహరి గోపాలకృష్ణమ శెట్టే 1886లో కర్నూలు జిల్లా మాన్యువల్ కూర్చాడు. మనం ఆయన్ని తొలి నవల ఎవరిదన్న వాదంలోనే గుర్తుచేసుకుంటాం. ఒక తెలుగువాడు తన జిల్లా భూముల గురించి, పంటల గురించి కూర్చిన ఆ ఇంగ్లీషు పుస్తకం కూడా మన వచన చరిత్రలో భాగంగా చదవదగ్గదే.

అలాగని రైతుది కాలాతీతమైన జ్ఞానమంటే అదీ పొరపాటే. ఇవాళ అదే కాలవ కింద, అదే నంద్యాల నేలలో వరి విరివిగా పండుతోంది. నీటిని పట్టి ఉంచే బంకమన్ను వరికి బాగా సరిపోతుంది కూడా. మారింది మట్టి కాదు, బియ్యానికున్న మార్కెట్టూ ఎరువులూ రోడ్లూ. 1870లలో వద్దన్నదీ లెక్కే, తర్వాత ఔనన్నదీ లెక్కే.

వందేళ్ళ తర్వాత కథ ఇంకో రూపంలో నడిచింది. 1972లో మొదలైన ఇక్రిశాట్, వానాకాలమంతా రేగడిని బీడుగా ఉంచడం వృథా అని తేల్చింది. మీటరు వెడల్పు ఎత్తుమడులు, వాటి మధ్య అరమీటరు కాలువలు, తొలకరికి ముందే పొడి విత్తనం, వీటన్నిటికీ ట్రాపికల్టర్ అనే ఎద్దుల పనిముట్టు. పరిశోధనా క్షేత్రంలో ఏటా రెండు పంటలు చక్కగా వచ్చాయి. ఊళ్ళలో రైతులు మాత్రం ఆ మూటని మొత్తంగా ఎత్తుకోలేదు. తమకి పనికొచ్చిన ముక్కలు తీసుకున్నారు, ఖరీదైన పనిముట్టుని చాలామంది వదిలేశారు. తేడా ఏమిటంటే, ఈసారి శాస్త్రవేత్తలు ఎందుకు వదిలేశారని రైతుల్నే అడిగి రాసుకున్నారు.

కంపెనీ లెక్కల్లో లేనిది ఆ ప్రశ్నే. కాలవకి ఎంత వాలు ఉండాలో, ఎంత నీరు పారాలో ఇంజనీర్లు లెక్కకట్టారు. ఆ నీరు చేరబోయే పొలానికి పదును ఎప్పుడొస్తుందో తెలిసిన మనిషిని ఆ లెక్క వేసేముందే అడగాల్సింది.