మా గుడి

మా ఇంట్లో చర్చి అనే మాట లేదు. గుడి అనే అంటాం. గుడి గంట కొట్టిండ్రు, గుడి పెద్ద వచ్చిండు, గుడికి పోవాలె. బడిలో చేరినాక తెలిసింది, గుడి అంటే ఊళ్లో ఉండేదని, దాని ముందు మేం దూరంగా నిలబడాలని. తేడా ఏందని మా నాయన్ని అడిగితే "అది ఆళ్లది, ఇది మనది" అన్నాడు. అంతకుమించి ఆయనకూ ఎవరూ చెప్పలేదు.

పోయినేడు క్రిస్మస్ ముందు ఒక ఆదివారం నాయన్ని వెంటబెట్టుకొని దోర్నకల్ పోయాను. ఖమ్మంలో ప్యాసింజర్ ఎక్కితే ఎంతో దూరం కాదు. అక్కడి గుడి కట్టేటప్పుడు నాయన వాళ్ల తాత రాళ్లు మోసిండని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఎన్నేళ్లు మోసిండో, కూలి ఎంతిచ్చిండ్రో చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు. నేను సోషల్ టీచర్ని. తాజ్‌మహల్ ఎవరు కట్టించారంటే మా పిల్లలు ఒక్క గొంతుతో చెప్తారు. వాళ్ల ముత్తాతలు కట్టినదాని గురించి నేను చెప్పాల్సిన పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

చూడంగనే ఇది చర్చేనా అనిపిస్తుంది. గుమ్మటాలు చూస్తే మసీదు. స్తంభాలు చూస్తే గుడి మండపం. తామరపువ్వు, దాని మీద సిలువ. 1924లో ప్రతిష్ఠ అయిన మెదక్ చర్చి అచ్చంగా ఇంగ్లండు వాళ్ల చర్చి పోలిక. ఇది అట్లా కాదు. 1914లో మొదలుపెడితే ముగిసేసరికి పాతికేళ్లు పట్టింది. ప్రతిష్ఠ జరిగింది 1939 జనవరి 6న.

కట్టించినాయన వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి జిల్లా మనిషి. 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్ వచ్చాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సభలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. ఆయన గురించి చెప్పేవాళ్లు ఎక్కువమంది ఈ మాట దగ్గరే ఆగుతారు. నాకు ముఖ్యమనిపించింది వేరే. ఆయన పుట్టింది నాడార్ల ఇంట్లో. రామనాథపురం జమీలో కముది అనే ఊరి గుడిలోకి నాడార్లు పోతే కేసు పెట్టారు. ఆ కేసు లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. గుడిలోకి పోయే హక్కు నాడార్లకు లేదని 1908లో తీర్పొచ్చింది. ఆ మరుసటేడే అజరయ్య దోర్నకల్ చేరాడు. ఆ తీర్పు కడుపులో పెట్టుకొనే ఈ స్తంభాలు నిలబెట్టాడని నేను అనను. అట్లా అల్లితే అది చరిత్ర కాదు. కానీ ఆ స్తంభాల కింద కూర్చున్నదెవరు? ఎక్కువమంది మాలలు, మాదిగలు. మదురై మీనాక్షి గుడిలోకి దళితులు, నాడార్లు అడుగుపెట్టింది అదే ఏడు జూలై 8న. మా వాళ్లు గుడి స్తంభాల నడుమ చాప మీద కూర్చునేసరికి దానికింకా ఆర్నెల్లున్నది.

అప్పటికి మూడేళ్ల కింద, 1936లో, మనవాళ్లకు సువార్త చెప్పడమంటే ఆవుకు చెప్పడం లాంటిదేనన్నట్టు జాన్ మాట్‌తో మాట్లాడాడు గాంధీ. అంతకు ముందేడు అంబేద్కర్ యేవలాలో హిందువుగా చావనని ప్రకటించాడు. ఆ రోజుల్లో దోర్నకల్ అంటే పెద్ద చర్చే జరిగింది. చర్చించినవాళ్లలో మా ముత్తాత లేడు. ఆయన రాళ్లు మోస్తున్నాడు.

అజరయ్యను దేవుణ్ణి చెయ్యబోను. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలిగింటి మీద యుద్ధం చెయ్యమని పల్లెల్లో చెప్పేవాడాయన. మురికి మా పుట్టుకతో వచ్చిందా? బావి ఎవరి చేతిలో ఉందో కూడా చెప్పాలి కదా. కులం విడిచి ఒక్క బల్ల దగ్గర కూర్చోమన్నాడు, అది నిజం. మా ఊళ్లో మాత్రం ఇప్పటికీ మాల గుడి వేరు, మాదిగ గుడి వేరు.

నాయన ఒక స్తంభానికి చెయ్యి ఆనించి చానాసేపు నిలబడ్డాడు. "ఇది మోసిండో, ఆ పక్కది మోసిండో" అన్నాడు. ప్రార్థన చేస్తాడనుకున్నాను, చెయ్యలేదు. రాయిని గోటితో గీకి చూశాడు.

బయట అజరయ్య సమాధి చూసి, చెట్టు కింద సద్ది విప్పాం. అప్పుడే అక్కడి ముసలాయన ఒకరు వచ్చి, ప్రార్థనలో చెప్తాను పేరియ్యమన్నాడు. నా నోరు రాలేదు. గుడి రిజిస్టర్‌లో నా పేరొకటి, బడి రిజిస్టర్‌లో ఒకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ గేటు తీశారు. క్రైస్తవులమైన మేం బీసీ-సీ, ఒక్క శాతం. బాప్తిస్మం తీసుకున్నామని మమ్మల్ని ఊరి బావి దగ్గరికి రానిచ్చినవాళ్లెవరూ లేరు. నన్ను బడిలో వేసేనాడు నాయన గుడి పేరు చెప్తే అయ్యవారు వద్దని వేరే పేరు, పక్కన హిందూ అని రాశాడట. మేలు కోరే రాశాడు. ఆ కాగితంతోనే హాస్టలు, డిగ్రీ, ఈ ఉద్యోగం. దళిత క్రైస్తవుల హక్కు గురించి మీటింగుల్లో గట్టిగా మాట్లాడతాను, కింద సంతకం దగ్గరికొస్తే చెయ్యి ఆగుతుంది.

"ఆయన అడుగుతుండు, చెప్పు బిడ్డా" అన్నాడు నాయన.

ఇంటిపేరొక్కటే చెప్పాను. ముసలాయన రెట్టించి అడగలేదు, రాసుకున్నాడు. తిరుగు బండికి ఇంకా గంటన్నర ఉంది. నాయన మళ్లీ లోపలికి పోయాడు.