గాలి లేస్తేనే ప్రయాణం

శనివారం, తెల్లవారుజాము నాలుగున్నర. కాకినాడ జగన్నాథపురం ఉప్పుటేరు ఒడ్డున చెప్పులు చేతబట్టుకుని మీరు నావలోకి దిగుతున్నారు. ఫిబ్రవరి మంచుకి చెక్కలు తడిసి కాళ్లు జారుతున్నాయి.

"ఆ అంచున వద్దు బాబూ, మధ్యకి రండి. ఆయ్, అక్కడే" అంటున్నాడు అమరం మీద కూర్చున్న సరంగు. నావకి ఇంజిను ఉంది. ఈ రెండు రోజులూ దాన్ని ముట్టుకోకూడదని మీ ఒప్పందం. డీజిలు మిగులుద్దని ఆయన నవ్వుతూ ఒప్పుకున్నాడు.

ఏరు దాటేదాకా వెదురు గడే దిక్కు. సరంగు కొడుకు గడని బురదలో గుచ్చి, నావ అంచున నడుస్తూ తోస్తున్నాడు. బయటి నీళ్లలోకి రాగానే మీ మెడ వెనక చల్లగా తగిలింది. నేలగాలి. రాత్రి నీళ్లకంటే నేల తొందరగా చల్లారుతుంది, అక్కడి చల్లటి గాలి సముద్రం మీదికి జారుతుంది. ఎండెక్కితే ఇది ఉండదు, అందుకే మిమ్మల్ని ఇంత పెందలాడే లేపారు. తెరచాప విప్పారు. కాసేపు పటపటా కొట్టుకుని, ఉన్నట్టుండి నిండి బిగిసింది. తాడు కిర్రుమంది. నావ కింద నీళ్లు గలగలమంటున్నాయి. ఇంజిను మీద వెళ్లేవాళ్లకి ఈ చప్పుడు వినే యోగం లేదు.

ఎడమ పక్క దూరంగా లంగరేసిన ఓడల దీపాలు. కాకినాడ యాంకరేజి రేవులో పెద్ద ఓడలు గట్టుకి రావు, లోతు చాలదు. బియ్యం బస్తాలు బార్జీల మీద వాటి దగ్గరికే వెళతాయి. కుడి పక్క మడ అడవి నల్లగా కనిపిస్తోంది. దాని వెనకే కోరంగి. అక్కణ్ణుంచి బర్మాకి ఎంతమంది ఓడలెక్కారంటే, అక్కడ మనవాళ్లని 'కొరంగీ'లనే పిలిచేవారు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన ఆ రేవుని ముంచేసింది. పక్కనే ఉన్న తాళ్లరేవులో కొయ్య పడవలు కట్టే పనితనం మాత్రం నిలిచింది. మీరు కూర్చున్న నావ అక్కడ కట్టిందే.

పొద్దెక్కేసరికి ఎదురుగా నీళ్ల మీద సన్నటి గీత తేలింది. హోప్ ఐలాండ్. గోదావరి తెచ్చిన ఇసుకని కెరటాలు ఉత్తరానికి నెట్టగా నెట్టగా, రెండు వందల ఏళ్లలో పదహారు కిలోమీటర్ల పైచిలుకు పొడవున పేరుకున్న దిబ్బ అది. కాకినాడకి కెరటాల దెబ్బ నేరుగా తగలకుండా అడ్డం పడుకుంది.

అంతలో గాలి ఆగిపోయింది. చాప వేలాడిపోయింది. పైగా పాటు మొదలైంది. నీళ్లు సముద్రంలోకి లాగేస్తున్నాయి. మీ కళ్లముందే బురద మేట తేలింది, నావ అడుగు నేలకి తగిలి మెల్లగా పక్కకి ఒరిగింది. గంట గడిచింది. ఇంకో గంట. ఎండకి నీళ్ల తళుకు కళ్లలో గుచ్చుకుంటోంది. కొంగలు బురదలో తాపీగా నడుస్తున్నాయి. మీరు కాజాల పొట్లం విప్పారు. సరంగు చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కుంటున్నాడు.

"ఇంకా ఎంతసేపు బాబాయ్?"

"పోటు రావాలండి. పోటొచ్చాక గాలి రావాలి. మన చేతుల్లో ఏముందండీ?"

విసుగొచ్చిందా? నన్నడిగితే ఈ ప్రయాణంలో అసలు భాగం ఇదే. ఎటూ పోలేకపోతేనే మనిషి చుట్టూ చూస్తాడు.

మధ్యాహ్నానికి పోటు నావని లేపింది, సముద్రపు గాలి కూడా అందుకుంది. దీవి లోపలి పక్క, మాటు చూసుకుని లంగరేశారు. దిబ్బ మీద దిగాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి, రాత్రి పడక నావలోనే. ఇటు చిన్న అల కూడా లేదు. ఇసుకకి అవతల మాత్రం కడలి హోరు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు అక్కడికే వచ్చి గుడ్లు పెడతాయి. మీరు టార్చి తీయబోతే కుర్రాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. వెలుతురు చూస్తే అవి ఒడ్డెక్కకుండానే వెనక్కి మళ్లుతాయట.

సరంగు చీకట్లో 1996 నవంబరు తుఫాను ముచ్చట ఎత్తాడు. "అప్పుడు వేటకెళ్లినోళ్లు శానామంది తిరిగి రాలేదండి. ఇప్పుడైతే అల ఎత్తు కూడా ఫోనులోకొచ్చేత్తంది." ఆ కబురు పంపేది ఇన్‌కాయిస్ సంస్థ. ఉండేది సముద్రమే లేని హైదరాబాదులో!

ఆదివారం మధ్యాహ్నం తిరుగుదారిలో ఆగ్నేయం నుంచి గాలి గట్టిగా కొట్టింది. నావ కుడికి వాలింది. "ఎడం పక్కకి జరగండి, బరువు అటెయ్యండి!" మీరు అంచు పట్టుకుని వెనక్కి వాలారు. తుంపర మొహాన కొట్టింది, పెదాల మీద ఉప్పు. నిన్న సగం రోజు తిన్న దూరం ఇవాళ చూస్తుండగానే కరిగిపోయింది. దీపాలు పెట్టే వేళకి ఉప్పుటేట్లో ఉన్నారు.

ఇలా వేళకి చేరడం అదృష్టం, హామీ కాదు. అక్టోబరు, నవంబరుల్లో ఈ సరదా తలపెట్టకండి. లైఫ్ జాకెట్టు తొడుక్కోకుండా నావలో కాలు పెట్టకండి. ఆదివారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి మాత్రం టికెట్టు కొనకండి, సోమవారం సెలవు రాసిచ్చి రండి.