మెరిట్ పరీక్షను కోర్టుకీడ్చిన 13 మంది కూలీలు



పని గురించి, చదువు గురించి రాస్తున్న ఈ వరుసలో ఇవాళ ఒక కోర్సు కథ చెప్తాను. అమెరికాలో ఎంఎస్ అంటే మనకు కంప్యూటర్లే గుర్తొస్తాయి. అక్కడ ఇండస్ట్రియల్ ఆర్గనైజేషనల్ సైకాలజీ అనే చదువు కూడా ఉంది. ఎవర్ని ఉద్యోగంలోకి తీసుకోవాలి, ఎవరికి ప్రమోషన్ ఇవ్వాలి, ఎవరు మానేసి పోతారు అనేవి మనస్తత్వ శాస్త్రంతో, లెక్కలతో తేల్చే చదువు. దానికి డేటా కలిస్తే పీపుల్ అనలిటిక్స్. మన పిల్లల రెజ్యూమెని చాలా చోట్ల ముందుగా చూసేది మనిషి కాదు, ఈ విద్యతో తయారైన సాఫ్ట్‌వేర్. కాబట్టి దీని చరిత్ర మనకు తెలియాలి.

మొదట్లో ఈ విద్య మనలాంటి వాళ్ళ పక్షాన లేదు. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధానికి సైనికుల్ని చేర్చుకుంటున్నప్పుడు, రాబర్ట్ యెర్కీస్ నాయకత్వంలో సైకాలజిస్టులు తెలివి పరీక్షలు తయారుచేశారు. సుమారు 17 లక్షల మందికి పెట్టారు. ఆ మార్కులు పట్టుకుని కార్ల్ బ్రిగమ్ 1923లో పుస్తకం రాశాడు. నల్లవాళ్ళకీ, దక్షిణ, తూర్పు యూరప్ వలసవాళ్ళకీ పుట్టుకతోనే తెలివి తక్కువని తేల్చాడు. 1930లో ఆయనే తన వాదన నిలబడదని ఒప్పుకున్నాడు. కానీ పరీక్షల వ్యాపారం అప్పటికే ఫ్యాక్టరీల్లోకి పాకింది.

ఇప్పుడు నార్త్ కరోలినా రాష్ట్రంలోని డ్రేపర్ అనే ఊరికి వెళ్దాం. అక్కడ డ్యూక్ పవర్ అనే కరెంటు కంపెనీకి బొగ్గుతో నడిచే ప్లాంటు ఉండేది. మొత్తం 95 మంది ఉద్యోగులు. అందులో నల్లవాళ్ళు 14 మంది. ప్లాంటులో అయిదు విభాగాలు: లేబర్, బొగ్గు, ఆపరేషన్స్, మరమ్మతులు, లేబరేటరీ. నల్లవాళ్ళందరూ లేబర్‌లోనే. లేబర్‌లో అందరికంటే ఎక్కువ జీతం, మిగతా నాలుగు విభాగాల్లో అందరికంటే తక్కువ జీతం కన్నా తక్కువ. ఒక వాడ పని ఒకటి, ఇంకో వాడ పని ఇంకొకటి. ఈ ఏర్పాటు మనకెవరూ వివరించి చెప్పక్కర్లేదు.

1964 పౌర హక్కుల చట్టం ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధించింది. ఆ నిబంధన 1965 జూలై 2న అమల్లోకి వచ్చింది. సరిగ్గా అదే రోజు కంపెనీ కొత్త రూల్ పెట్టింది. కొత్తగా చేరేవాళ్ళు లేబర్ దాటి వేరే విభాగంలోకి వెళ్ళాలంటే హైస్కూల్ సర్టిఫికెట్‌తో పాటు రెండు పరీక్షలు కూడా పాసవ్వాలి. ఒకటి వండర్‌లిక్: 12 నిమిషాల్లో 50 ప్రశ్నలు. రెండోది బెన్నెట్ మెకానికల్ పరీక్ష. లోపలున్న కూలీలకైతే సర్టిఫికెట్ లేకపోతే ఈ పరీక్షలు పాసవడమే దారి. పైకి చూస్తే రూల్ అందరికీ ఒకటే. కానీ 1960 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్రంలో హైస్కూల్ పూర్తిచేసిన తెల్ల మగవాళ్ళు 34 శాతం, నల్ల మగవాళ్ళు 12 శాతం. బడిని దూరం చేసినవాళ్ళే బడి సర్టిఫికెట్ అడిగారన్నమాట. అంతకుముందే చేరిన తెల్లవాళ్ళు ఆ సర్టిఫికెట్ లేకుండానే అవే పనులు చక్కగా చేస్తున్నారు.

విల్లీ గ్రిగ్స్‌తో కలిపి 13 మంది కేసు వేశారు. వివక్ష చూపే ఉద్దేశం రుజువు కాలేదంటూ అప్పీలు కోర్టు పరీక్షల విషయంలో కంపెనీని సమర్థించింది. 1971 మార్చి 8న సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా దాన్ని తిరగరాసింది. ఉద్దేశం మంచిదైనా సరిపోదు, ఫలితం ఎవరి మీద పడిందో చూడాలి అంది. ఆ పరీక్షకూ చేయాల్సిన పనికీ సంబంధం ఉందని చూపించాల్సింది కంపెనీయే అంది. డ్యూక్ పవర్ దగ్గర అలాంటి అధ్యయనం ఒక్కటీ లేదు.

ఇవాళ ఆ కోర్సులో చేరిన ప్రతి విద్యార్థీ గ్రిగ్స్ కేసు చదవాల్సిందే. 1978లో ప్రభుత్వ మార్గదర్శకాలు ‘అయిదింట నాలుగు’ లెక్క పెట్టాయి. ఒక వర్గంలో 100 మందికి 50 మంది, ఇంకో వర్గంలో 100 మందికి 30 మంది ఎంపికయ్యారనుకోండి. 30ని 50తో పోలిస్తే 60 శాతం. 80 శాతం కన్నా తక్కువ కాబట్టి ఆ పరీక్షను అనుమానించాలి. కూలీలు అడిగిన ప్రశ్న ఇలా పాఠంగా మారింది.

మరి మన దేశంలో? ఈ లెక్క వేయాలంటే ముందు మనుషుల్ని లెక్కపెట్టాలి. ప్రైవేటు కంపెనీలో ఏ కులం నుంచి ఎందరు దరఖాస్తు పెట్టారు, ఎందరు ఎంపికయ్యారు అనే కాలమ్ ఎక్కడుంది? సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపి 2007లో ఫలితాలు ప్రచురించారు. అర్హతలు సమానంగా ఉన్నా దళిత ఇంటిపేరున్న దరఖాస్తులకు పిలుపు వచ్చే అవకాశం తక్కువని తేలింది. అదే ఏడాది సురీందర్ జోధ్కా, క్యాథరీన్ న్యూమన్ 25 మంది హెచ్ఆర్ మేనేజర్లను కలిశారు. కులం చూడం, మెరిట్టే చూస్తాం అన్నవాళ్ళే ఇంటర్వ్యూలో ‘ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్’ అడుగుతామని చెప్పారు. మన దగ్గర ‘మీ ఇంటిపేరేంటి, మీరెవర్లు’ అని అడిగేదే అక్కడ ఇంగ్లీషులో అడుగుతున్నారు.

సాఫ్ట్‌వేర్‌కి కులం తెలియదంటారు. చెప్పక్కర్లేదు కదా. ఏ కాలేజీ, ఏ ఊరు, ఎవరి రిఫరల్ అన్నది చాలు. న్యూయార్క్ నగరంలో ఉద్యోగాల ఎంపిక సాఫ్ట్‌వేర్‌కి పక్షపాత ఆడిట్ చేయించాలనే చట్టం 2023 నుంచి అమలవుతోంది. అందులో ఆడ, మగ లెక్క ఉంది, జాతి లెక్క ఉంది. కులం లెక్క లేదు.

గెలిచింది గెలిచినట్టు ఉండిపోదు కూడా. ఫలితాన్ని చూసి వివక్షను తేల్చే ఆ పద్ధతిని పక్కన పెట్టమని 2025 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చాడు. ఆ ఉత్తర్వు పేరులోనూ మెరిట్ అనే మాటే ఉంది.

అందుకే ఈ చదువు చదివే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. రేపు మీరు ఎవరో ఒకరికి స్కోరు వేసే కుర్చీలో కూర్చుంటారు. ఈ స్కోరుకీ ఆ పనికీ ఏం సంబంధం? దీనివల్ల ఎవరు బయట ఉండిపోతున్నారు? ఈ రెండు ప్రశ్నలూ అక్కడ అడగండి. వాటిని సుప్రీం కోర్టు దాకా తీసుకెళ్ళింది ప్రొఫెసర్లు కాదు, చీపురు పట్టుకున్న 13 మంది.

జై భీమ్.